ఇప్పలగుట్ట మీద ఉండిపోయిన పిల్ల

సూర్యాపేట గ్రంథాలయంలో ఆ ఆదివారం సభ ముగింపుకొచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. అరుణ రాసిన మూడో నవల ‘వాన వెలిసిన గుట్ట’ కాపీలు అయిపోయి చాలాకాలమైందనీ, దాన్ని మళ్ళీ అచ్చు వేయబోతున్నాననీ రవీందర్ మైకులో చెప్పాడు. రవీందర్‌కు ఆ ఊళ్ళోనే చిన్న ప్రెస్సు ఉంది. పెళ్ళిపత్రికల మీద వచ్చింది తీసుకెళ్ళి పుస్తకాల్లో పెట్టే మనిషి. అరుణ నవలలన్నీ అతని చేతిమీదుగా వచ్చినవే.

“ఎవరన్నా ఏమన్నా అడగదలుచుకుంటే అడగండి,” అన్నాడతను.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. బీఈడీ కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కలిసి వచ్చారు, వాళ్ళలో ఒకతె. పుస్తకం గుండెలకు ఆనించి పట్టుకుని ఉంది.

“మేడం, సుక్కిని ఎందుకు సంపిన్రు?”

కొందరు నవ్వారు. అరుణా నవ్వింది. ఆ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. నవల చదివినవాళ్ళు ఎక్కడ కలిసినా అదే అడుగుతారు. బొగ్గుబాయి క్వార్టర్లలో, గుట్ట మీది చెట్ల మధ్య పెరిగిన లంబాడీ పిల్ల సుక్కి, వాగు పొంగిన రోజున అవతలి గట్టున చిక్కుకున్న మేకపిల్ల కోసం నీళ్ళలోకి దిగి మళ్ళీ తేలదు. అరుణ ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పింది.

“నేను చంపలేదమ్మా. కథ నడిచి నడిచి ఆ వాగు దగ్గరికే పోయింది. ఆపుదామనుకున్నా, ఆగలేదు.”

అమ్మాయి కూచోలేదు.

“కాదు మేడం. ఆమె బతికే ఉన్నది. వాడపల్లి కాడ మా తండాల ఉన్నది. మా నాయనమ్మ.”

నవ్వులు ఆగిపోయాయి. అరుణకు ముందు ఆ మాట అర్థం కాలేదు, అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. మైకు పట్టుకునే అడిగింది.

“మీ నాయనమ్మ తండ్రి పేరేంటమ్మా?”

“ఫూల్‌సింగ్.”

“తల్లి?”

“ద్వాళి. ఇప్పలగుట్ట బాయి కాడ ఉండెటోళ్ళట.”

అరుణ మైకు బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది. రవీందర్ ఆమె ముఖం చూసి, సభ ముగిసిందని చెప్పి, అందరినీ టీలకు పంపించేశాడు.

*

ఇప్పలగుట్ట ఇల్లెందు అవతల, అడవిలో ఉండేది. గుట్ట కడుపులో బొగ్గు, వీపు మీద ఇప్పచెట్లు. ఆ చెట్ల నడుమ కంపెనీ కట్టించిన క్వార్టర్లు ఒక వరసలో, ఒకదాని భుజం ఒకటి పట్టుకున్నట్టు ఉండేవి. అరుణ తండ్రి మత్తయ్య బాయి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. సుక్కి తండ్రి ఫూల్‌సింగ్ తట్టలతో బొగ్గు ఎత్తిపోసేవాడు. ఇద్దరూ ఒకే షిఫ్టులో దిగేవాళ్ళు. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఇవతల అరుణ దగ్గితే అవతల, సుక్కి ‘యాడీ’ అని పిలిచే తల్లి ద్వాళి మిరియాలు దంచేది.

షిఫ్టు ముగిసే కూత వినగానే పిల్లలిద్దరూ బాయి దారి దాకా ఉరికేవాళ్ళు. పైకొచ్చే మగవాళ్ళందరిదీ ఒకటే నలుపు, కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ తెలిసేది కాదు. సుక్కి నడక చూసి దూరం నుంచే తండ్రిని పట్టేసేది. అరుణ చాలాసార్లు తప్పు మనిషి చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచేది. వాళ్ళు నవ్వుకుంటూ నడిచేవాళ్ళే తప్ప చెయ్యి విడిపించుకునేవాళ్ళు కాదు. బడిలో నేర్చుకున్న అక్షరాలను అరుణ బొగ్గుముక్కతో బండమీద రాస్తే, బడికి పోని సుక్కి వాటికి కాళ్ళూ చేతులూ గీసి మనుషుల్ని చేసేది. వేసవిలో ఇద్దరూ తెల్లారకముందే లేచి ఇప్పపూలు ఏరేవాళ్ళు. ఆ పూల వాసన బొగ్గు వాసనతో కలిసి ఒక్కటై ఉండేది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అరుణకు ఆ రెండు వాసనలనూ విడదీసి తలుచుకోవడం రాదు.

పదో తరగతి కాగానే అరుణను ఖమ్మంలో హాస్టల్లో వేశారు. క్రిస్మస్ సెలవులకు ఇంటికొస్తే గోడ అవతల ఎవరో కొత్తవాళ్ళు ఉన్నారు. ఫూల్‌సింగ్‌కు దగ్గు ముదిరిందనీ, పని మాని సొంత తండాకు వెళ్ళిపోయారనీ చెప్పారు. ఏ తండానో ఎవరికీ సరిగ్గా తెలియదు. కృష్ణ ఒడ్డున ఎక్కడో అన్నారంతే. కృష్ణ ఒడ్డు అంటే ఎంత ఒడ్డు, అందులో ఎన్ని తండాలు. అరుణ ఆ సెలవులన్నీ గోడకు వీపు ఆనించి కూచుని గడిపింది. అవతలి పిల్లలు గోడ మీద బంతి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు ఆమె వీపుకు తగిలేది.

తర్వాత మత్తయ్య పని విరమించుకుని కోదాడ దగ్గరి అత్తగారి ఊరికి చేరాడు. అరుణ తెలుగు టీచరైంది, నీటిపారుదల శాఖలో పనిచేసే ఉపేందర్‌ను పెళ్ళాడింది, కోదాడలోనే ఇల్లు కట్టుకుంది. ఇద్దరు కొడుకులు పెరిగి పెద్దై ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. నలభై దాటాక ఆమె రాయడం మొదలుపెట్టింది. ఏం రాద్దామని కూచున్నా కలం ఇప్పలగుట్టే ఎక్కేది. “నువ్వు కాపురం చేస్తున్నది నాతోనా, ఆ గుట్టతోనా?” అని ఉపేందర్ వేళాకోళమాడేవాడు. ఆయన ఒకసారి ముచ్చటపడి, కారు మాట్లాడి, ఆమెను అక్కడికి తీసుకెళ్ళాడు కూడా. మలుపు తిరగగానే గుట్ట కనబడాల్సిన చోట ఆకాశం కనబడింది. కింద బొగ్గుందని తెలిసి పైనుంచే తవ్వుకుంటూ పోయారు. గుట్ట ఉన్నచోట అంతే పెద్ద గుంత ఉంది. అరుణ కారు దిగలేదు. వెనక్కి తిప్పమంది.

ఆ తర్వాత రాసిందే మూడో నవల. అందులోనే మొదటిసారి సుక్కి వచ్చింది. పేర్లు మార్చమని రవీందర్ సలహా ఇస్తే అందరివీ మార్చింది గానీ సుక్కి పేరూ, ఆమె తల్లిదండ్రుల పేర్లూ, గుట్ట పేరూ అలాగే ఉంచింది. ఎవరైనా చదువుతారేమో, ఎక్కడైనా ఎవరితోనైనా అంటారేమో, ఆ మాట నడుచుకుంటూ కృష్ణ ఒడ్డుకు చేరుతుందేమోనని లోపల ఒక ఆశ. కానీ సుక్కి వెళ్ళిపోయిన రోజును రాయడం ఎంత ప్రయత్నించినా ఆమెకు చేతకాలేదు. చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషిని రాయడం కన్నా చనిపోయిన మనిషిని రాయడం తేలికైంది. అందుకని వాగు పొంగింది.

*

సభ నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం అరుణ స్టవ్ వెలిగించి, దానిమీద ఏమీ పెట్టకుండా నిలబడిపోయింది. ఉపేందర్ వచ్చి ఆపేశాడు. సంగతంతా విని, “ఇంకా ఆలోచిస్తావేంటి, వెళ్ళిరా,” అన్నాడు.

“వెళ్ళి ఏం మాట్లాడనండీ? నేనెవరో ఆమెకు గుర్తుంటుందా?”

“గుర్తులేకపోతే మనవరాలిని పంపి, ఎందుకు చంపావని అడిగిస్తుందా? నేను వండుకుంటాలే. రెండు రోజులు ఉండిరా.”

అరుణ శనివారం పొద్దున బస్సెక్కి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడలో దిగింది. సభలో ప్రశ్న వేసిన అమ్మాయి పేరు పూజ. సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అనుకున్నట్టే ఆమె మిర్యాలగూడ బస్టాండులో ఎదురుచూస్తూ ఉంది. ఇద్దరూ వాడపల్లి వైపు వెళ్ళే బస్సులో పక్కపక్కన కూచున్నారు. ఊరి చివరి రైస్‌మిల్లుల నుంచి ఊక వాసన కిటికీలోంచి వచ్చి పోయింది.

పూజ ఫోన్ తీసి ఏదో వెతికి, అరుణ ముందు పెట్టింది.

“మేడం, జర గిది సూడున్రి.”

అది పైనుంచి తీసిన భూమి పటం. చుట్టూ ఆకుపచ్చ అడవి, మధ్యలో బూడిదరంగు గిన్నె. గిన్నె లోపల మెట్లుమెట్లుగా గట్లు, అడుగున పాచిరంగు నీళ్ళు.

“ఇప్పలగుట్ట గీడనే గద మేడం?”

అరుణ తలూపింది.

“నాయనమ్మకు తెల్వదు. మీ పుస్తకం సదివి ఇనిపించినంక గాడికి పోదామని ఒక్కటే పోరు. నేను ఫోన్ల సూసిన. సూసినంక నాకు ఆమెకు చెప్పబుద్ధి కాలే. పరీక్షలున్నయని, ఎండలైనంక పోదామని దాటేస్తున్న. ఇప్పుడు మీరొస్తున్నరని తెలిసి, నిన్నటి సంది ఇంక గట్టిగ పట్టుకున్నది. మీరే తీసుకపోతరని.”

“ఎందుకు అంతగా?”

“ఆమెనే చెప్తది. నాకైతే నోరు రాలేదు మేడం. మీరు చెప్తరా?”

అరుణ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. చెప్తాననలేదు, చెప్పననలేదు. దారి పొడవునా నాట్లు పచ్చగా ఉన్నాయి. వాడపల్లి దగ్గరయ్యేకొద్దీ ఆ పచ్చదనం మీద సన్నటి బూడిద పొర కనబడసాగింది. సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు పొలాల వెనక లేచి నిలబడ్డాయి.

*

సుక్కి ఇంటిముందు పట్టా పరిచి ఎండుమిరపకాయల్లో తాలు ఏరుతోంది. జుట్టు తెల్లబడింది, మనిషి చిక్కింది, మోకాళ్ళు ముడుచుకోలేక కాళ్ళు బారజాపుకుని కూచుంది. చుబుకం మీది పచ్చబొట్టు చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. అడుగుల చప్పుడు విని తలెత్తి చూసింది. చూసి, మళ్ళీ మిరపకాయల వైపు తలొంచుకుంది.

“నన్ను నీళ్ళల్ల ముంచి, ఇన్నేండ్లకు సూడ వచ్చినవా?”

అరుణకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వెళ్ళి ఆమె పక్కన పట్టా అంచున కూచుంది. నోట్లోకి తనకు తెలియకుండానే గుట్ట మీది మాట వచ్చింది.

“నువ్వు చెప్పకుంట పోతివి గదనే.”

“ఎవలికి చెప్పాలె? నువ్వు ఖమ్మంల ఉంటివి.” సుక్కి చేతిలో కాయ పక్కన పెట్టింది. “పండుగకు అరుణ వస్తది, గంతదాంక ఆగుదామని మా యాడి కాళ్ళు పట్టుకున్న. లారీ వచ్చి నిలవడ్డది. నాయినను ఎత్తి పండవెట్టిన్రు. ఇగ నేను ఆగితే ఆగుతదా లారీ?”

అలా అంటూనే సుక్కి కారం అంటని మోచేతితో అరుణ భుజాన్ని తన వైపు లాక్కుంది. ఇద్దరూ అలా ఒరిగి కూచున్నారు. పూజ లోపలికి వెళ్ళి చాలాసేపటికి గాని చాయ్ తేలేదు.

ఫూల్‌సింగ్ ఇక్కడికి వచ్చాక ఒక్క వానాకాలమే బతికాడట. సుక్కికి ఈ తండాలోనే పెళ్ళయింది. మొగుడు పోయి చాలా ఏళ్ళు. కొడుకూ కోడలూ మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనికి వెళ్ళి రాత్రికి వస్తారు. ఒక సెలవుల్లో మనవరాలు పుస్తకం తెచ్చి చదువుకుంటూ, నవ్వుకుంటూ ‘నాయనమ్మా, దీంట్ల నీ పేరున్నది’ అందట. తర్వాత ద్వాళి పేరు, తర్వాత ఫూల్‌సింగ్ పేరు. ఆపైన నవ్వు ఆపి మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టిందట.

“అది తెలుగుల సదివి, మా మాటల మళ్ళ చెప్పేది. నేను గీడ మంచంల పండుకోని ఇనేది. ఇనుకుంట ఇనుకుంట గాడికి పోయేది. పొయ్యి మీద అన్నం మాడింది సుత యాదికుండకపోయేది,” అంది సుక్కి. “నువ్వు గవన్నీ ఎట్ల యాదుంచుకున్నవే? మా యాడి మిరియాలు దంచుడు సుత రాసినవ్.”

“వేరే ఏమీ యాదుంచుకోలేదే. గదొక్కటే.”

అప్పుడే సిమెంటు ఫ్యాక్టరీ కూత మోగింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తి రోడ్డు వైపు చూశారు. చూసినందుకు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“నాకు రోజూ గిట్లనే,” అంది సుక్కి. “కొడుకు మిర్యాలగూడల ప్లాటు కొందామంటడు. నేను రానంట. గీ కూత ఇనవడని కాడ నేను ఉండలేను.”

*

మధ్యాహ్నం అన్నాలయ్యాక సుక్కి అడిగింది. అడిగే ముందు కొంగుతో ముఖం తుడుచుకుంది.

“మా తమ్ముని సంగతి గూడ రాసినవ్ పుస్తకంల.”

అరుణకు గుర్తుంది. సుక్కికి ఒక తమ్ముడు పుట్టి, పేరు పెట్టకముందే జ్వరంతో పోయాడు. క్వార్టర్ల వెనక పెద్ద ఇప్పచెట్టు కింద పాతిపెట్టారు. మత్తయ్యే గుంత తవ్వాడు. ద్వాళి ఆ చోటు మీద బండరాయి పెట్టి సున్నం పూసింది. ఏటా వాన పోగానే మళ్ళీ పూసేది.

“మా యాడి పానం పొయ్యేటప్పుడు ఇంకేం అడగలె,” అంది సుక్కి. “అందరం గీడున్నం, పిల్లగాడొక్కడు గాడ ఉన్నడు, ఒక్కపారి పోయి సూసిరాయే అన్నది. నేను పోత పోత అనుకుంటనే ఇంతదాన్నైతి. తొవ్వ తెల్వదు, తీసుకపోయెటోళ్ళు లేరు. ఇప్పుడు నువ్వొచ్చినవ్. నీకు తొవ్వ తెలుసు. రాయికి ఇంత సున్నం పూసి, నాలుగు ఇప్పపూలు ఏరుకోని వద్దాం. పోదామా?”

పూజ గడప దగ్గర నిలబడి ఉంది. అరుణ ఆమె వైపు చూడలేదు. బస్సులో వచ్చేటప్పుడు ఎన్ని మాటలు పేర్చుకుందో అవేవీ ఇప్పుడు అక్కరకు రాలేదు.

“సుక్కీ, గుట్ట లేదే.”

“ఏ గుట్ట?”

“మనది. ఇప్పలగుట్ట. కింద బొగ్గున్నదని పైనించి తవ్వుకుంట పోయిన్రు. చెట్లు లేవు, క్వార్టర్లు లేవు. చెట్టు కింది మన్ను సుత లేదు. గుంత ఉన్నది గాడ.”

సుక్కి ఆమె ముఖంలోకి చూసింది. అబద్ధమాడుతున్న పిల్లను చూసినట్టు చూసింది.

“పుస్తకంల ఉన్నది గద.”

“పుస్తకంల నేను పెట్టుకున్న.”

సుక్కి గోడ పట్టుకుని లేచి, వాకిట్లో కట్టేసిన మేకల దగ్గరికి నడిచింది. వాటి ముందు నీళ్ళ తొట్టి నిండుగానే ఉంది. అయినా ఒలకబోసి, మళ్ళీ బోరింగు కొట్టి, నింపింది. అరుణ లేవబోతే పూజ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. చాలాసేపటికి సుక్కి తిరిగొచ్చి అదే చోట కూచుంది.

“నువ్వు సూసినవా నీ కండ్లతోని?”

“మలుపు కాడికి పోయిన. కారు దిగలేదు. తిప్పమన్న.”

“దిగాల్సుండె,” అంది సుక్కి మెల్లగా. నిష్ఠూరంగా కాదు. “ఎవలో ఒకలం దిగి సూడాల్సుండె.”

రోడ్డు మీద టార్పాలిన్ కప్పిన లారీలు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీ వైపు వెళ్తున్నాయి. సుక్కి వాటిని చూస్తూ ఉంది.

“గంత బొగ్గు తీసి ఏం చేసిన్రు?”

“రైళ్ళల్ల, లారీలల్ల పంపుతరు. కరెంటుకు, సిమెంటుకు.”

“గా లారీలల్ల వచ్చేది గూడ బొగ్గే.”

“అవును.”

“ఎక్కడిది?”

“ఏ లారీ ఎక్కడిదో నాకేం తెలుస్తదే. ఆ దిక్కు నుంచి గూడ వస్తదంటరు.”

సుక్కి పొగగొట్టం వైపు చూసింది. పొగ గాలికి వాలి తండా మీదుగా కృష్ణ వైపు సాగుతోంది. ఆమె చెయ్యి చాపి, పక్కనున్న బంతిచెట్టు ఆకు మీది బూడిదను వేలితో తుడిచి, ఆ వేలిని చూసుకుంది.

“గట్లయితే పిల్లగాడే వచ్చిండు కావచ్చు,” అంది. “అక్క రాకపాయెనని.”

పూజ ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. సుక్కి ఏడవలేదు. వేలిని కొంగుకు తుడుచుకోకుండా పిడికిలి మూసి ఒళ్ళో పెట్టుకుంది. అరుణ ఆ పిడికిలి మీద తన చెయ్యి వేసింది. ఏదో ఒకటి ఇవ్వకపోతే తాను ఉండలేననిపించింది ఆమెకు. తన దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఒక్కటే.

“పుస్తకం మళ్ళ అచ్చేస్తున్నరే. నీ సంగతి మారుస్త. వాగు దాటిస్త. పెండ్లి చేస్త, పిల్లల్ని పుట్టిస్త, ఈ తండాకు తీసుకొస్త.”

“వద్దు.”

“ఎందుకు వద్దు? నువ్వే అడిగిస్తివి గద, ఎందుకు సంపినవని.”

“అప్పుడు గుట్ట ఉన్నదనుకున్న.” అంది సుక్కి. “నువ్వు దిగొచ్చినవ్, నేను దిగొచ్చిన, అందరు దిగొచ్చిన్రు. ఇప్పుడు గుట్టనే లేదంటున్నవ్. నీ పుస్తకంల ఉన్నది గదొక్కటే. చెట్టు ఉన్నది, రాయి ఉన్నది, పిల్లగాడున్నడు. ఆ పిల్లను సుత గాడికెళ్ళి తీసుకొస్తే ఆని కాడ ఎవలుంటరే? ఉండనియ్యి. నేనెట్లనో బతికిన. అది గుట్ట మీదనే ఉండనియ్యి.”

*

సాయంత్రం బస్సుకు అరుణ బయల్దేరింది. సుక్కి రోడ్డు దాకా వచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. అరుణ వస్తానని రెండుసార్లు చెప్పింది. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే సుక్కి బస్సు వైపు కాక ఫ్యాక్టరీ వైపు చూస్తూ నిలబడి ఉంది.

మిర్యాలగూడ బస్టాండులో కోదాడ బస్సు సిద్ధంగా ఉంది. అరుణ ఎక్కి కిటికీ పక్కన కూచుని రవీందర్‌కు ఫోన్ చేసింది.

“మేడం, చెప్పండి. మార్పులేమన్నా ఉంటే సోమవారం లోపల ఇస్తే బాగుంటది,” అన్నాడతను.

“మార్పులేం లేవు రవీందర్. ఉన్నదున్నట్టు వెయ్యి.”

“ముందుమాట ఏమన్నా రాస్తరా?”

“రాయను.”

ఆమె ఫోన్ పెట్టేసింది. ఇన్నేళ్ళూ రాస్తున్నంతసేపూ, అవతలి గోడ దగ్గర ఎవరో చెవి ఆనించి వింటున్నారన్న ఊహతోనే రాసింది. ఇప్పుడు ఆ విన్న మనిషి ఎవరో, ఎక్కడుందో తెలిసింది. తెలిసిన మనిషిని రోడ్డు మీద ఒంటరిగా నిలబెట్టి తాను ఇంటికి వెళ్తోంది. ఇంట్లో బల్ల ఉంటుంది, కాగితాలుంటాయి. వాటి ముందు కూచుని మళ్ళీ ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి?

కండక్టర్ టికెట్ కోసం వచ్చాడు. “కోదాడనా అమ్మా?”

“కాదు బాబూ,” అని అరుణ సంచీ తీసుకుని దిగిపోయింది.

ఉపేందర్‌కు ఫోన్ చేసి రేపో ఎల్లుండో వస్తానంది. ఆయన కారణం అడగలేదు. “చలిగా ఉంటది నది ఒడ్డున. కప్పుకోవడానికి ఏమన్నా అడుగు,” అన్నాడు.

వాడపల్లి బస్సు దిగి తండాలోకి నడిచేసరికి చీకటి పడుతోంది. సుక్కి వాకిట్లో కట్టెల పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతోంది. అరుణను చూసి చెయ్యి ఆపింది.

“ఏమన్న మరిసిపోయినవా?”

“లేదు.”

“మరి?”

“ఊకెనే.”

సుక్కి పీటను కాలితో ఇవతలికి జరిపింది. అరుణ కూచుంది. పూజ లోపల దీపాలు వేసింది. మొదటి రొట్టె కాలి పొంగాక సుక్కి దాన్ని అరుణ చేతిలో పెట్టి అడిగింది.

“మన లైన్ల మా ఇల్లు, మీ ఇల్లు. మీ అవతల ఎవలే?”

“వీరమ్మత్తోళ్ళు,” అంది అరుణ.

“ఆ. ఆమె పొద్దున లేస్తే కాకులను తిట్టేది.”

“కాకులు సుత ఆమె తిట్టేదాంక పోకపోయేటివి.”

సుక్కి నవ్వింది. పొద్దున్నుంచీ ఆమె నవ్వడం అదే మొదలు. “దాని పక్కకు రాజారత్నం సారు. ఆదివారం హార్మోని పెట్టె వాయించేది.”

“నాకు రెండు పాటలు నేర్పిండు.”

“దాని పక్కకు మేకల కొండల్.”

“అవును. ఆయన పెండ్లాం బాయి బట్టలు ఉతికి చెట్ల కొమ్మల మీద ఆరేసేది. కిందికెళ్ళి సూస్తే మనుషులు చెట్లెక్కినట్టు ఉండేది.”

“దాని పక్కకు?”

అరుణ నోరు తెరిచి ఆగింది. రాసిన నవలలన్నీ ఒకసారి తిరగేసుకుంది మనసులో. ఏ నవల్లోనూ ఆ ఇంట్లో ఎవరూ లేరు.

“తలుపు నీలం రంగు,” అంది.

“నీలమే. నాకు సుత తలుపు కనవడుతున్నది. ఎవలుంటుండె గా ఇంట్ల?”

“ఒక ముసలామె ఉండెనా?”

“ముసలామె గాదు. ఎవలో పిల్లలు...” సుక్కి మాట మధ్యలో వదిలేసింది. రెండో రొట్టె పెనం మీద మాడుతున్న వాసన వచ్చింది. తీసి పక్కన పడేసి మరో ముద్ద చేతిలోకి తీసుకుంది గాని కొట్టలేదు. ఇద్దరూ పొయ్యి మంటకేసి చూస్తూ కూచున్నారు.

“తిను, సల్లారుతది,” అంది సుక్కి కాసేపటికి. “పొద్దుగాల్లకు యాదికొస్తదిలే.”

అరుణ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. మనసు మాత్రం ఆ నీలం తలుపు ముందు నుంచి ఇంకా కదల్లేదు.